ఒకటో నంబరు డిస్కు

శుక్రవారం పొద్దున్న పదకొండు గంటల రెండు నిమిషాలకి ఇందుమతి ఒక మనిషి రెండేళ్ల బతుకుని చెరిపేసింది. చెరిపేస్తూ పెసరట్టు తింటోంది. అల్లం పచ్చడిలో కారం ఎక్కువైందని కూడా అనుకుంది. తర్వాత ఎన్నోసార్లు ఆమెని కుదిపేసింది ఆ పచ్చడి సంగతే. అంత పని చేస్తున్నప్పుడు చెయ్యి వణకలేదు, కన్ను అదరలేదు, నాలుక మాత్రం రుచులు వెతుక్కుంటూ కూర్చుంది.

విశాఖపట్నంలో రుషికొండ దాటాక సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ పరిశోధన కేంద్రం పేరు ధారణ. మెదడువాపు జ్వరం నుంచి బతికి బయటపడ్డవాళ్లలో కొందరికి పాత సంగతులన్నీ గుర్తుంటాయి గానీ కొత్తది ఒక్కటీ నిలవదు. పొద్దున్న పలకరించిన మనిషినే మధ్యాహ్నం ఎవరు నువ్వని అడుగుతారు. అలాంటివాళ్లకి చెవి వెనక రూపాయి నాణెమంత బిళ్ల ఒకటి అతికిస్తారు. వాళ్లు చూసిందీ విన్నదీ ఆ బిళ్ల పావుగంటకోసారి మూటగట్టి ధారణలోని కంప్యూటర్లకి పంపుతుంది, ఈలోగా తీసేస్తే ఆ ఒక్క మూటే పోతుంది. అవసరం పడ్డప్పుడు తిరిగి తెచ్చి మెదడుకి అందిస్తుంది. ఆ అందించడం రెప్పపాటులో జరిగిపోతుంది కాబట్టి ఆ మనిషి మామూలుగానే గుర్తొచ్చిందనుకుంటాడు.

అలాంటివాళ్లు నలభై ఒక్క మంది ఉన్నారు. ఒక్కొక్కరి కోసం నడిచే ప్రోగ్రాము, కంప్యూటర్ లోపల దానికంటూ కట్టిన విడిగదిలాంటి ఒక కంటైనర్‌లో ఉంటుంది. ఆ కంటైనర్‌కి తగిలించిన డిస్కులో జ్ఞాపకాలుంటాయి. కంటైనర్ పోతే ఇంకొకటి పుట్టించవచ్చు, డిస్కు పోతే మాత్రం పోయినట్టే. ఏ కంటైనర్ ఏ కంప్యూటర్ మీద నడవాలో, ఎవరి డిస్కు ఎవరికి తగిలించాలో చూసుకోవడానికి ఇందుమతి నాలుగు వందల లైన్ల స్క్రిప్టు ఒకటి, కంప్యూటర్ తనంతట తనే పాటించే ఆదేశాల చిట్టా, రాసింది. దాన్ని చూసి ఆమెకి కాస్త గర్వం కూడా ఉండేది. ఉండకూడదా మరి, రెండేళ్లుగా ఒక్కరి జ్ఞాపకం కూడా చెక్కు చెదరలేదు.

ప్రతి శుక్రవారం పదకొండింటికి ధారణలో ఒక తంతు జరుగుతుంది. దానికి వాన అని పేరు. విశాఖలో వానొస్తే కరెంటు పోతుంది కనుక, నిజంగా పోయే రోజు కోసం ముందే సాధన చెయ్యడమన్నమాట. ఒక కంప్యూటర్‌ని చీటీ తీసినట్టు ఎంచి, కావాలని ఆపేస్తారు. దాని మీదున్న కంటైనర్లు పక్క కంప్యూటర్ల మీదకి సురక్షితంగా చేరుకున్నాయా లేదా చూస్తారు. ఆ అరగంటా బిళ్ల తీసి పక్కన పెట్టమని ఇళ్లకి ముందే చెప్పి ఉంచారు.

స్క్రిప్టులో ఒక లైన్ ఉంది. అద్దెకున్నవాళ్లు గది వదిలి వెళ్తే సామాను లోపలే ఉంచి తాళం వెయ్యాలా, అన్నీ బయట పారేసి సున్నం కొట్టాలా అని ఇంటాయన ముందే ఒక మాట అనుకుంటాడు కదా, డిస్కు విషయంలో ఆ మాట చెప్పే లైన్ అది. మొదట్లో, ఇంకా మనుషులెవరూ చేరక ముందు, ఉత్తుత్తి కంటైనర్లతో పరీక్షలు చేసేటప్పుడు డిస్కులు నిండిపోతున్నాయని ఇందుమతి ఆ లైన్‌లో చెరిపెయ్యమని రాసింది. మనుషులు చేరడం మొదలయ్యాక ఉంచమని మార్చింది. అయితే ఆ లైన్ మార్చిన తర్వాత పుట్టిన డిస్కులకే కొత్త మాట వర్తిస్తుంది. ముందే పుట్టినవి పాత మాటనే నుదుటి మీద రాసుకుని ఉంటాయి. ఇది ఇందుమతికి తెలియనిది కాదు. మార్చేనాటికి అలాంటి డిస్కు ఒక్కటే ఉంది. సోమవారం చేత్తో సరిచేద్దామనుకుంది. ఆ సోమవారం ఎవరో వచ్చారు, ఏదో పని పడింది, మర్చిపోయింది.

ఆ ఒక్క డిస్కూ ఒకటో నంబరుది. అంటే అందరికంటే ముందు నమ్మి వచ్చినవాడిది. రెండేళ్లుగా వాన ఎప్పుడూ అతని కంప్యూటర్ మీద పడలేదు. ఆ శుక్రవారం పడింది. స్క్రిప్టు ఆ కంటైనర్‌ని దింపింది, డిస్కు విడిపించింది, పక్క కంప్యూటర్ మీద కంటైనర్‌ని మళ్లీ నిలబెట్టి దానికి డిస్కు అడిగింది. డిస్కు విడిపించగానే పాత మాట ప్రకారం దాన్ని తుడిచేసి, కొత్తది, ఖాళీది, తగిలించింది. తెర మీద నలభై ఒక్క పచ్చ దీపాలూ వెలిగాయి. ఇందుమతి చెయ్యి కడుక్కుని వచ్చింది.

*

ఆ ఒకటో నంబరు మనిషి సన్నాసిరావు. జాలరిపేటలో అతనంటే పడవ ఇంజన్ల మెకానిక్. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పేవాడు. మనిషి మాత్రం మొండి. ఏడేళ్ల కిందట ఒక్కగానొక్క కూతురు వరాలు, తను వద్దన్న కుర్రాణ్ణి పెళ్లి చేసుకుందని, నేరుగా సముద్రానికి వెళ్లి తల మునిగేలా స్నానం చేసి వచ్చి, పేటలో అందరి ముందూ నా కూతురు పోయిందన్నాడు. ఆ తర్వాత ఆ పేరు ఇంట్లో వినపడనివ్వలేదు. జ్వరమొచ్చి కొత్త సంగతులు నిలవని మనిషయ్యాకే వరాలు మళ్లీ ఆ గుమ్మం దాకా వచ్చింది. బిళ్ల పెట్టాక కూడా ఎనిమిది నెలలు మొహం తిప్పుకున్నాడు. ఆమె వస్తూనే ఉంది. వరాలుకి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల పాకుతూ వచ్చి అతని స్పానర్ నోట్లో పెట్టుకున్న రోజున సన్నాసిరావు లేచి, గుమ్మం బయట నిలబడ్డ కూతురి చెయ్యి పట్టుకుని, "తప్పు నాదేనే, లోనికి రా" అన్నాడట. నూకరత్నం ఈ సంగతి ధారణలో అందరికీ ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అతని భార్య ఆవిడ.

ఆ శుక్రవారం కూడా నూకరత్నం బిళ్ల తీసి మొగుడికి తలంటు పోసింది. శుక్రవారాలు అదే అలవాటు, ఎలాగూ తీసేదే కదా అని. పక్కింటావిడ వచ్చి కబుర్లలో పడింది. అరగంటన్నది గంట దాటింది. గబగబా తుడిచి బిళ్ల పెట్టింది. అప్పుడే వరాలు పిల్లని చంకనేసుకుని వచ్చింది.

"దీన్నెవరే రానిచ్చినారు?" అన్నాడు సన్నాసిరావు.

నూకరత్నం ముందు సరసమనుకుంది. పిల్ల దిగి, పరిగెత్తి, అలవాటు ప్రకారం అతని ఒళ్లోకి ఎక్కింది. సన్నాసిరావు ఆ పిల్లని రెండు చేతులతో మెల్లగా ఎత్తి, పక్కింటివాళ్ల పిల్లని దింపినట్టు కింద దింపి, "ఎవరి గుంటే ఇది?" అన్నాడు.

కోపం మెదడులో ఉండేది, అది భద్రంగా ఉంది. క్షమించమని అడిగింది మాత్రం డిస్కులో ఉండేది.

*

శనివారం పొద్దున్నే మొగుణ్ణి వెంటబెట్టుకుని నూకరత్నం ధారణకి వచ్చింది. డాక్టర్ కామేశ్వరి గదిలో సన్నాసిరావు ఫ్యాన్ చప్పుడు వింటూ కూర్చున్నాడు. బేరింగు పోయిందన్నాడు. గదిలోకి పిలిపించిన ఇందుమతి అప్పటికే తెర మీద ఒకటో నంబరు పక్కనున్న అంకె చూసి వచ్చింది. రెండేళ్లు ఉండాల్సిన చోట ఒక్క రోజే ఉంది. తుడిచింది తన పాత లైనేనని ఆమెకి అప్పుడే తెలిసింది.

"నానే సేసినాను మేడమ్," అంది నూకరత్నం. "మీరు అరగంటే అన్నారు. నాను మాటల్లో పడిపోనాను. గంటైపోనాది. ఆయన మంచితనమంతా నా సేత్తోనే కడిగేసినాను." అని తన చెంపలు తనే వాయించుకోవడం మొదలుపెట్టింది.

కామేశ్వరి లేచి ఆవిడ చేతులు పట్టుకుంది. "ఊరుకోండమ్మా. ఇది ప్రయోగం. ఏవో అవుతుంటాయి. జరిగిందేదో జరిగింది, ఇక మీదట సమయం దాటకుండా చూసుకోండి."

ఆ చివరి మాట చాలా మెత్తగా అంది. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఇందుమతి గోడకి ఆనుకుని నిలబడింది.   నూకరత్నం ఆమె వైపు తిరిగి, "నువ్వేనా ఆ కంపీటర్లు సూసే పిల్లవి? నా తల్లే, ఏదైనా ఎనక్కి తేగలవేటమ్మా?" అని అడిగితే, ఇందుమతి అడ్డంగా తల ఊపింది.

వాళ్లు వెళ్లాక తలుపు వేసి, ఇందుమతి అంతా చెప్పింది. ఆ లైన్, ఆ సోమవారం, ఆ వాన. కామేశ్వరి అంతా మళ్లీ ఒకసారి మొదటి నుంచి చెప్పించుకుంది. ఆమె చెడ్డ మనిషి కాదు. ఈ కేంద్రం కోసం పదిహేనేళ్లుగా కాళ్లరిగేలా తిరిగిన మనిషి.

"ఇంకో కాపీ ఉండి ఉంటే..." అంది ఇందుమతి.

"ఉండకూడదని రాసుకున్నది మనమే కదే. ఒక మనిషికి ఒక్క జ్ఞాపకమే ఉండాలి. కాపీలు తీస్తూ పోతే ఎవడు అసలు, ఎవడు నకలు? ఆ షరతు మీదే కమిటీ అనుమతిచ్చింది మనకి."

"ఆవిడ తన వల్లే అనుకుంటోంది మేడమ్."

"గంటసేపు తీసిందా లేదా? తీసింది. ఆ మాట ఆవిడే చెప్పింది, మనం చెప్పించలేదు." కామేశ్వరి కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. "ఇందూ, ఈ సంగతి కమిటీకి వెళ్లిన మర్నాడు ప్రయోగం ఆపెయ్యమంటారు. ఆపితే మిగిలిన నలభై మంది ఏమవుతారో ఆలోచించు. రెండో నంబరావిడ జ్వరం తర్వాత పుట్టిన కొడుకుని ఆ బిళ్ల వల్లే గుర్తుపడుతోంది. ఆవిణ్ణి కూడా సన్నాసిరావుని చేద్దామా?"

దీనికి ఇందుమతి దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడం ఆ పూటకి ఆమెకి హాయిగానే అనిపించింది. ఆ హాయి తల్చుకుని తర్వాత సిగ్గుపడింది. సీటుకి వచ్చి నలభై డిస్కుల నుదుటిరాతా ఒక్కొక్కటిగా చదివింది. అన్నిటి మీదా ఉంచమనే ఉంది. ఒకటో నంబరు కొత్త డిస్కు మీద కూడా ఉంచమనే ఉంది. ఉంచడానికి అందులో ఒక రోజు ఉంది.

*

పన్నెండు రోజులు గడిచాయి. ఇందుమతి స్క్రిప్టుని మొదటి నుంచి చివరి దాకా తిరగరాసింది. ఏ డిస్కు తుడవాలన్నా ఇద్దరు మనుషులు ఒప్పుకుంటే గానీ కుదరని విధంగా కట్టుదిట్టం చేసింది. పని బాగా వచ్చింది. కామేశ్వరి మెచ్చుకుంది కూడా.  ఇందుమతి ఇంట్లో మాటా పలుకూ లేకుండా తిరుగుతుంటే ఏమైందని భర్త రెండుసార్లు అడిగి, మూడోసారి ఊరుకున్నాడు. పెసరట్టు వాసన వస్తే లేచి వెళ్లిపోయేది.

పదమూడో రోజు పొద్దున్న బిళ్ల తనిఖీ చెయ్యాలన్న సాకుతో జాలరిపేట వెళ్లింది. చెప్పాలని వెళ్లలేదు. చూసి రావాలని వెళ్లింది, అంతే. చూస్తే కాస్త బరువు తగ్గుతుందేమోనని ఆశ.

సన్నాసిరావు అరుగు మీద ఇంజన్ ముక్కలు కిరసనాయిల్‌లో కడుగుతున్నాడు. నూకరత్నం చాప వేసి, టీ ఒకే గ్లాసుతో తెచ్చింది.

"మీరు తాగరా అమ్మా?"

"మానేసినానమ్మా. ఆ రోజు పక్కింటిదానితో కూకుని టీ తాగతానే టైము మర్సిపోనాను. ఇంక నాకెందుకది?"

"అమ్మాయి వస్తోందా?"

నూకరత్నం చీర అంచు మడత పెట్టింది, విప్పింది. "రాదు. వొస్తే ఆయన అరుత్తాడు. అదీ కాక, అది నాతో కూడా మాటాడ్డం మానేసింది. ఎనిమిది నెల్లు కాళ్లరిగేలా తిరిగి సంపాయించుకున్న తండ్రిని నీ ముచ్చట్ల కోసం పోగొట్టినావే అన్నాది. అన్నదాంట్లో తప్పేటున్నాది? ఆ గుంట, మనవరాలు, తాత కాడికి ఎల్దాం తాత కాడికి ఎల్దాం అని ఏడుత్తాందట. కూతుర్ని నాను ఒకసారి పోగొట్టుకున్నాననుకుంటే, రెండోసారి నా సేతుల్తోనే పోగొట్టుకున్నాను."

ఇందుమతి గ్లాసు కింద పెట్టింది. మిగిలిన నలభై మంది, రెండో నంబరావిడ, కమిటీ, పదిహేనేళ్లు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అవన్నీ నిజమే. అయినా చెయ్యని తప్పుకి టీ మానేసిన ఈ మనిషి ఎదురుగా కూర్చుని ఆమె పోసిన టీ తాగడం ఇక తన వల్ల కాదని తేలిపోయింది. ఫోన్ తీసి, జరిగిందంతా రాసి పదిరోజులుగా పంపకుండా ఉంచిన ఉత్తరాన్ని కమిటీకి పంపేసింది.  ఆ నలభై మందికి ఏమవుతుందో ఆమెకి తెలియదు.

"వరాలు ఇల్లెక్కడమ్మా?"

"రెండు సందులవతల. ఎందుకు?"

ఇందుమతి చెప్పకుండానే లేచి వెళ్లింది. వరాలు ముందు రానంది. మీ అమ్మ తప్పు కాదని, ఎవరిదో అక్కడే చెబుతానని ఇందుమతి అంటే, పిల్లని చంకనేసుకుని వెనకే వచ్చింది. తండ్రి గుమ్మం దాటలేదు, బయటే ఎండలో నిలబడింది. సన్నాసిరావు ఒకసారి తలెత్తి చూసి, ఉమ్మేసి, మళ్లీ ఇంజన్ మీదకి వంగాడు.

ఇందుమతి నిలబడే చెప్పింది. కంప్యూటర్ మాటలు ఎక్కువ వాడలేదు. "ఆ రోజు బిళ్ల మీరు గంట కాదు, రోజంతా తీసి ఉంచినా ఏమీ అయ్యేది కాదు. అరగంట అన్నది మా సౌకర్యం కోసం పెట్టుకున్న గడువు. ఆయన జ్ఞాపకాలు దాచిన చోట తుడిచెయ్యమని నేను ఎప్పుడో రాసిన మాట ఒకటి మిగిలిపోయింది. దాన్ని మార్చాలని తెలిసీ మర్చిపోయాను. తుడిచేసింది నేను."

నూకరత్నం రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంది.

"అంటే నాను కాదా?" అంది నూకరత్నం.

"మీరు కాదు."

"నా తలంటు కాదా?"

"కాదమ్మా."

గుమ్మం బయట వరాలు "అమ్మా" అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నూకరత్నం ఏడుస్తుందని ఇందుమతి అనుకుంది. క్షమిస్తుందని కూడా లోపల ఏ మూలో అనుకుందేమో. నూకరత్నం ఏడవలేదు.

"ఆ రోజు మీ డాట్రమ్మ గదిలో నా సెంపలు నానే వాయించుకున్నాను," అంది నెమ్మదిగా. "నువ్వక్కడే ఉన్నావు. గోడకి జేరబడి నిలబడి సూసినావు. నీకప్పటికి తెలుసా, తెలీదా?"

"తెలుసు."

"తెలిసి సూసినావు."

"చూశాను."

ఇంకేమన్నా బాగుండునని ఇందుమతి ఎదురు చూసింది. ఆవిడ మాత్రం, మర్చిపోవడం వరకు తప్పు, ఆ తర్వాతది వేరే అని, ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఆ ఒక్క ప్రశ్నతో చూపించి ఊరుకుంది.

"ఏటే ఆ గొడవ?" సన్నాసిరావు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ లేచాడు. "ఏటి తుడిసేసింది ఆ పిల్ల? నాది ఏటి పోనాది?"

నూకరత్నం గబుక్కున అతని దగ్గరికి వెళ్లింది. ఆవిడ చెయ్యి అతని చెవి వెనక్కి పోయింది. "ఇది తీసేత్తాను," అంది ఇందుమతితో, గొంతు తగ్గించి. "తీసేత్తే ఇప్పుడిన్నది పది నిమిషాల్లో మర్సిపోతాడు. రెండేళ్లు పోనాయని తెలిస్తే ఈ మనిసి ఓర్సుకోలేడు. తరవాత మళ్లీ పెట్టెయ్యొచ్చు కదా. సెప్పు, పెట్టెయ్యొచ్చా నేదా?"

పెట్టెయ్యొచ్చు. ఏమీ కాదు. ఇందుమతికి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు. ఆ బిళ్ల తీస్తే ఈ పొద్దు అతని లెక్కలో ఉండదు. భార్యకి తెలుసు, కూతురికి తెలుసు, తను చేసిన అన్యాయం ఎవరికి జరిగిందో ఆ మనిషికి మాత్రం తెలియదు. అతను తనని చూసినప్పుడల్లా కంపీటర్ల పిల్ల అని టీ ఇమ్మంటాడు. ఒక్క తల ఊపుతో అయిపోతుంది. ఆ గదిలో ఒకసారి ఊపిన తలే.

"తియ్యకండమ్మా," అంది. "ఆయనవే పోయాయి. ఆయనకి తెలియాలి."

నూకరత్నం చెయ్యి అక్కడే కాసేపు ఆగి, కిందకి దిగింది.

ఇందుమతి మళ్లీ మొదటి నుంచి చెప్పింది, ఈసారి సన్నాసిరావు కళ్లలోకి చూస్తూ. అతను ఇంజన్ చప్పుడు వినేవాడిలా తల పక్కకి వంచి, అడ్డు రాకుండా విన్నాడు.

"అందులో ఏటున్నాది?" అన్నాడు అంతా అయ్యాక.

 గుమ్మం బయట నుంచి వరాలు చెప్పింది. "నువ్వు నా సెయ్యి పట్టుకుని, తప్పు నాదే, లోనికి రా అన్నావు నాన్నా."

"నాను అనను."

"అన్నావు. ఇదిగో, దీన్ని నీ బుజాల మీద కూకోబెట్టుకుని సముద్రం కాడికి తీసుకెల్లేవోడివి. రోజూ."

సన్నాసిరావు ఆ పిల్లని చూశాడు. ఎంత వెతికినా దొరకని వస్తువు కోసం జేబులన్నీ తడుముకుంటున్నవాడిలా చూశాడు. పిల్ల అతని వైపు చేతులు చాచింది. అతని చేతులు కదలలేదు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు. ఆ చూపు నూకరత్నం చూడలేక మొహం పక్కకి తిప్పుకుంది.

చాలాసేపటికి ఇందుమతి వైపు తిరిగాడు. అరవలేదు. పేటంతా భయపడే ఆ గొంతు ఎక్కడికి పోయిందో, మామూలుగా, దారి అడిగినట్టు అడిగాడు.

"నీ పేరేటి?"

"ఇందుమతి."

"ఇందుమతి," అని ఒకసారి తనలో అనుకున్నాడు. ఆమె మొహాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా శ్రద్ధగా చూసుకున్నాడు. "నాను బతికున్నంత కాలం నిన్ను మర్సిపోను."

ఆమె మెయిన్ రోడ్డు మీద బస్సు ఎక్కేలోపే ఆ మాట రుషికొండ చేరింది. అది చెరగకుండా చూసుకోవడం ఇక ఆమె పని.